తెర మీద లేని బిల్గావ్

ఆదివారం పూట అబిడ్స్‌లో పెద్ద దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మన పిల్లలు హైదరాబాదు వచ్చి ఇంజనీరింగు చదవడం మొదలుపెట్టాక నాకు ఆ ఫుట్‌పాత్ బాగా అలవాటైంది. కొత్త పుస్తకం కొనే స్తోమత లేనివాళ్లకు అదే లైబ్రరీ. ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరు తమ పేరు రాసుకున్న సర్వేయింగ్ పుస్తకాలు, వెనక అట్ట ఊడిన గణితం గైడ్లు, వాటి పక్కనే సినిమా డిస్కులు.

మొన్న వేసవికి ముందు మా అక్క కొడుకుతో కలిసి అక్కడికి వెళ్లాను. వాడు సివిల్ మూడో ఏడు. మా గూడెం నుంచి ఇంజనీరింగు దాకా వచ్చినవాళ్లలో రెండోవాడు. మట్టి లక్షణాల మీద ఒక పుస్తకం బేరమాడుతూ, మధ్యలో 'స్వదేస్' డిస్కు తీసి చూపించాడు.

"మామా, ఇది చూసి రమ్మన్నారు మా క్లబ్బు వాళ్లు."

విషయం ఏమిటంటే, వాళ్ల కాలేజీలో విద్యార్థి వాలంటీర్ల బృందం ఒకటి ఉంది. సెలవుల్లో వేరే దేశంలో ఒక కొండ ఊరికి వెళ్లి మంచినీటి పథకం కట్టి వస్తారట. రెండు మూడు వారాల పని. వీణ్ణి కూడా రమ్మన్నారు. పైగా వాళ్ల సారు, "నువ్వు ట్రైబల్ కుర్రాడివి కదా, అక్కడివాళ్లతో తొందరగా కలిసిపోతావు" అన్నాడట. ఈ మాట చెబుతున్నప్పుడు వాడి ముఖంలో సంతోషమో, నొచ్చుకోవడమో నాకు అర్థం కాలేదు. వాడికీ అర్థం కాలేదనుకుంటా.

"వెళ్లమంటావా మామా?"

వెంటనే చెప్పలేకపోయాను. ముందు సినిమా చూద్దామన్నాను. ఆ రాత్రి హాస్టల్ గదిలో వాడి స్నేహితుడి లాప్‌టాప్ మీద చూశాం. ఈ వ్యాసం ఆ సినిమా గురించి, ఆ సినిమా వెనక నిజంగా జరిగిన పని గురించి. మావాడి ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు తోచిన దారి ఇదే.

'స్వదేస్' 2004 డిసెంబరులో వచ్చింది. అశుతోష్ గోవారికర్ తీశాడు. షారుఖ్ ఖాన్ అమెరికాలో నాసా ఇంజనీరు. చిన్నప్పుడు తనను పెంచిన కావేరమ్మను వెతుక్కుంటూ చరణ్‌పూర్ అనే ఊరికి వస్తాడు. ఊళ్లో కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. బడికి పిల్లలు రారు. కులం గీతలు అలాగే ఉన్నాయి. చివరకు గుట్ట మీది ఊటనీటిని మళ్లించి, ఊరివాళ్లను కూడగట్టి, చిన్న జలవిద్యుత్ కేంద్రం పెడతాడు. బల్బు వెలుగుతుంది. ఒక ముసలవ్వ ముఖం మీద ఆ వెలుగు పడుతుంది.

మంచి సినిమా అని ముందే ఒప్పుకుంటాను. రైలు ఆగిన స్టేషన్లో ఒక చిన్న పిల్లవాడు పావలాకు మట్టి ముంతలో నీళ్లు అమ్మే సన్నివేశం ఉంది. అప్పటిదాకా సీసా నీళ్లే తాగిన ఇంజనీరు ఆ ముంత నీళ్లు తాగుతాడు. అక్కడ డైలాగు లేదు, ఉపన్యాసం లేదు. మావాడు లాప్‌టాప్ ఆపి మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు. నేను కాదనలేదు.

కానీ బల్బు వెలిగే ముందు ఇంకో సన్నివేశం ఉంది. దాని మీదే మా ఇద్దరికీ వాదన వచ్చింది. నీళ్లు సరిగ్గా రావు, యంత్రం తిరగదు. ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. అప్పుడు కథానాయకుడే నీళ్లలోకి దూకి, అడ్డం పడ్డ చెత్త తీసి పైకి వస్తాడు. నేను అడిగాను: "ఒరే అల్లుడూ, పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లలో ఈదినవాళ్లు అంతమంది గట్టు మీద ఉన్నారు. వాళ్లలో ఒక్కడికి కూడా దూకాలని తోచలేదా?"

"హీరో కదా మామా."

అవును. నా గొడవ అక్కడే మొదలైంది. ఎందుకంటే ఈ కథకు ప్రేరణ ఇచ్చిన ఊళ్లో దూకినవాడు హీరో కాదు.

ఆ ఊరి పేరు బిల్గావ్. మహారాష్ట్రలో నందుర్‌బార్ జిల్లా, నర్మద లోయ. ఆదివాసుల ఊరు. ఆ లోయలోకి వెళ్లిన ఇద్దరు మన తెలుగువాళ్లే. రవి కూచిమంచి, అరవింద పిల్లలమర్రి దంపతులు. రవి అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1991లో 'అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్' మొదలైంది. పొట్టిగా 'ఎయిడ్' అంటారు. విదేశంలో చదువుకునే కుర్రవాళ్లు తీరిక వేళల్లో చందాలు పోగుచేసి, ఇక్కడి పల్లెల్లో పనులకు పంపడంతో మొదలైన సంఘం అది. అమెరికా నుంచి చూస్తే మన గూడేలే విదేశపు పల్లెలు. తర్వాత ఈ దంపతులు దేశానికి తిరిగి వచ్చారు. కరెంటు లేని బడుల్లో దీపం వెలిగించడానికి సైకిల్‌లా తొక్కే జనరేటర్ పని మీద తిరిగారు. 'స్వదేస్' దర్శకుడు వీళ్లతో గడిపాడనీ, బిల్గావ్ వెళ్లి చూశాడనీ చెబుతారు.

బిల్గావ్‌లో 2003లో 15 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది. అక్కడి జలపాతాన్ని ఆధారం చేసుకుని కట్టారు. యంత్రం లెక్కలు చూసింది కేరళ నుంచి వచ్చిన 'పీపుల్స్ స్కూల్ ఆఫ్ ఎనర్జీ' ఇంజనీర్లు. డబ్బు సాయంలో ఎయిడ్ ఉంది. ఊరిని కూడగట్టింది నర్మదా బచావో ఆందోళన్. రాళ్లు మోసింది, కాలువ తవ్వింది, అడ్డుకట్ట లేపింది ఊరివాళ్లు. వాళ్లు పెట్టిన శ్రమ లెక్క కడితే 2,000 పనిదినాలు. మన ఉపాధి హామీ మస్టర్లో రాస్తే ఎన్ని పేజీలవుతుందో ఊహించుకోండి. అది కూలీ లేని పని. కరెంటు పన్నెండు పాడలకు అందింది. పాడ అంటే మన గుంపు, మన గూడెం లాంటిదే.

ఇప్పుడు సినిమాతో పక్కపక్కన పెట్టి చూడండి. బిల్గావ్‌లో ఇంజనీర్లు ఒకరు కాదు. వాళ్లు నాసా నుంచి రాలేదు, కేరళ నుంచి వచ్చారు. సినిమాలో ఆ బృందమంతా ఒక్క మనిషిగా మారిపోయింది. సరే, రెండు మూడు గంటల కథకు ఒక్క మనిషి కావాలి, సినిమా కష్టం సినిమాది. కానీ ఊరు? బిల్గావ్ ఆదివాసీ ఊరు. చరణ్‌పూర్ ఆదివాసీ ఊరు కాదు. మనవాళ్ల చెమటతో వెలిగిన దీపాన్ని కథ తీసుకుంది, మనవాళ్లను మాత్రం తీసుకోలేదు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. సినిమాలో ప్రభుత్వం అంటే ఏమిటి? రాని కరెంటు, పట్టించుకోని ఆఫీసు. అంటే ప్రభుత్వం అక్కడ లేదు. లేనిచోట మంచి మనసున్న ఇంజనీరు వచ్చి ఆ ఖాళీ పూరించాడు. బిల్గావ్‌లో ప్రభుత్వం లేకపోవడం కాదు సమస్య. అది చాలా గట్టిగా ఉంది. సర్దార్ సరోవర్ ఆనకట్ట రూపంలో ఉంది. ఒక్క మహారాష్ట్రలోనే 33 ఊళ్లు ఆ ముంపు కింద ఉన్నాయి. అదే లోయలో అంతకు ముందు డోమ్‌ఖేడీలో వేసిన బుల్లి జలవిద్యుత్ యంత్రం ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. అది తెలిసే బిల్గావ్ వాళ్లు మళ్లీ కట్టారు. కరెంటు కోసమే కాదు. ఇంత పెద్ద ఆనకట్ట కట్టకపోయినా నది నుంచి వెలుగు తీసుకోవచ్చునని చూపించడానికి కూడా. ఆ బల్బు ఒక వాదన.

2006 మార్చిలో ఆనకట్ట ఎత్తును 110.64 మీటర్ల నుంచి 121.92 మీటర్లకు పెంచుకోవచ్చని అనుమతి ఇచ్చారు. మేధా పాట్కర్ ఢిల్లీలో నిరాహార దీక్షకు కూర్చుంది. ఆ ఏడాది వానాకాలంలో నీళ్లు పెరిగాయి. బిల్గావ్ విద్యుత్ కేంద్రం మునిగి దెబ్బతింది.

సినిమా 2004లో వచ్చింది, 2006ను అది ముందే చూడలేదు, నిజమే. కానీ డోమ్‌ఖేడీ అప్పటికే మునిగింది. ఆనకట్ట అప్పటికే లేస్తోంది. లోయకు వెళ్లి చూసినవాళ్లకు ఎవరికైనా కనిపించే సంగతి అది. కథ రాసుకునేటప్పుడు బల్బును ఉంచి ఆనకట్టను తీసేశారు. ఆనకట్టను ఉంచితే అడగాల్సి వచ్చే ప్రశ్న వేరు. చిన్న కేంద్రం కట్టినవాడూ ఇంజనీరే, దాన్ని ముంచినవాడూ ఇంజనీరే. నాసా ఇంజనీరు ఏ పక్కన నిలబడతాడు? ఈ ప్రశ్న రాకుండా ఉండటానికే చరణ్‌పూర్ అవసరమైందని నా అనుమానం. అనుమానమే అంటున్నాను, దర్శకుడి మనసులో ఏముందో నేను చూడలేదు. తెర మీద ఏముందో, ఏం లేదో మాత్రమే చెప్పగలను.

ఎయిడ్ వాళ్ల గురించి ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. వాళ్లు బల్బు వెలిగించి ఫోటో తీసుకుని వెళ్లిపోయినవాళ్లు కారు. నర్మద లోయలో ముంపుకు వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లతోనే కలిసి పనిచేశారు. అందుకు అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో అందరూ మెచ్చుకుని ఉండరు. బడికి బెంచీలు ఇస్తామంటే చందా ఇచ్చే చేయి, ముంపు వద్దంటే కొంచెం వెనక్కి పోతుంది. వాలంటీరు పనిలో ఆ రెండో భాగమే కష్టం. సినిమా ఆ రెండో భాగాన్నే కత్తిరించింది.

మనకు ఇది దూరపు కథ కాదు. గోదావరి ఒడ్డున ఉన్న కోయలకు, కొండరెడ్లకు పోలవరం ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. అందులో పెద్ద భాగం ఆదివాసులే. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మనుషులను అడగకుండా మ్యాపును మార్చారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నీళ్లలో నిలబడ్డ గూడేలకు పాలు, పులిహోర పొట్లాలు పట్టుకుని విద్యార్థులు వచ్చారు. మంచి పిల్లలు. వాళ్లలో ఎవరూ ఈ నీళ్లు ఎందుకు ఇంత ఎత్తుకు వచ్చాయని అడిగినట్టు నేను వినలేదు. వాళ్ల తప్పు అనను. ఆ ప్రశ్న వాళ్ల పాఠ్యపుస్తకంలో లేదు.

విదేశాల సంగతికి వస్తే, మావాడి క్లబ్బులాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో బాగా తెలిసినదాని పుట్టుక కూడా మనలాంటి ఊరితోనే ముడిపడింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బెర్నార్డ్ అమాదెయ్ 2000లో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశానికి వెళ్లాడు. శాన్ పాబ్లో అనే మాయా ఆదివాసీ ఊరు. అక్కడి ఆడపిల్లలు బడి మాని నీళ్లు మోస్తున్నారు. మరుసటి ఏడు తన విద్యార్థులను తీసుకెళ్లి, దగ్గర్లోని జలపాతం బలంతోనే నీళ్లు ఎక్కేలా పథకం కట్టాడు. 2002లో 'ఎల్లలు లేని ఇంజనీర్లు' అనే అర్థం వచ్చే పేరుతో అమెరికాలో సంస్థ పెట్టాడు. ఆ సంస్థ ఇప్పుడు ఒక ఊరితో పని మొదలుపెడితే కనీసం ఐదేళ్లు ఆ ఊరితో ఉండాలని నియమం పెట్టుకుంది. ఆ నియమం ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో ఆలోచించండి. రెండు వారాల్లో కట్టినది రెండో వానాకాలానికి ఏమవుతుందో వాళ్లకూ తెలిసివచ్చింది.

వాళ్ల కెనడా సోదర సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2008 నుంచి తమ వైఫల్యాల మీద ప్రత్యేకంగా ఒక నివేదిక అచ్చు వేసింది. ఎక్కడ డబ్బు తప్పుగా పెట్టాం, ఎక్కడ ఊరిమాట వినలేదు, ఎక్కడ మనం వెళ్లిపోగానే పని ఆగిపోయింది అని వాళ్లే రాశారు. నేను చూసినంతలో ఈ రంగంలో వచ్చిన రాతల్లోకెల్లా చదవదగ్గ రకం ఇదే. మన దగ్గర ఏ స్వచ్ఛంద సంస్థ వార్షిక నివేదికలోనైనా "ఈ పని చెడిపోయింది" అనే వాక్యం ఉందేమో వెతకండి. దొరికితే నాకు పంపండి.

వాళ్ల కుర్రవాళ్లే మలావీలో ఒక పంపు గురించి కూడా బయటపెట్టారు. పిల్లలు ఎక్కి ఆడుకునే రంగులరాట్నం తిరిగితే భూమిలోంచి నీళ్లు పైకి వచ్చే యంత్రం అది. 2006లో అమెరికాలో పెద్దపెద్దవాళ్లు వేదిక ఎక్కి కోట్లకొద్దీ డాలర్లు ప్రకటించారు. 2010 నాటికి నాలుగు వేలు పెడతామన్నారు. పిల్లలకు ఆట విసుగు పుట్టాక ముసలి ఆడవాళ్లు నడుం వంచి ఆ రాట్నం తిప్పాల్సి వచ్చింది. లక్ష్యం చేరకముందే ఆ పథకం మూతపడింది. ఫోటోలో మాత్రం ఇప్పటికీ పిల్లలు నవ్వుతూ తిరుగుతూ ఉంటారు.

ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు 1968 ఏప్రిల్‌లో మెక్సికో పల్లెలకు సేవకు బయలుదేరుతున్న అమెరికా విద్యార్థుల సభలో మాట్లాడాడు. వాళ్లు ఆశీర్వచనం కోసం పిలిచి ఉంటారు. ఆయన రావద్దన్నాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రావద్దు అన్నది ఆయన మాటల సారం. నాకు ఆయన కోపం నచ్చింది. కానీ పూర్తిగా ఒప్పుకోలేను. డోలీలో మోసుకెళ్లే బాలింతకు సాయం వద్దనే హక్కు ఇలిచ్‌కూ లేదు, నాకూ లేదు. సాయం వచ్చిందా లేదా అన్నది కాదు నా ప్రశ్న. వచ్చిన సాయం వెళ్లిపోయాక ఎవరి చేతిలో ఏం మిగిలింది?

దీనికి బోరింగు కంటే మంచి ఉదాహరణ లేదు. మన గూడేల్లో కనిపించే ఆ చేతిపంపు పేరు ఇండియా మార్క్ టూ. దానికంటే ముందు వాడినవి పోత ఇనుము పంపులు. అమెరికా, యూరప్‌లలో ఒక్క ఇంటి పెరట్లో, ఒక్క కుటుంబం కోసం చేసిన నమూనాలకు నకళ్లు. ఇక్కడ ఒక్కో పంపు మీద ఊరంతా పడింది. 1970ల మధ్యలో యూనిసెఫ్ వాళ్లు రెండు రాష్ట్రాల్లో చూస్తే నాలుగింట మూడు పంపులు పనిచేయడం లేదు. చివరికి దారి చూపింది ఎక్కడో విదేశీ ప్రయోగశాల కాదు. మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్‌లలో పాడైన పంపులు బాగుచేస్తూ చేస్తూ, పిడికి గొలుసు తగిలించి, గట్టి పంపు తయారుచేసుకున్నవాళ్లు. ఆ నమూనా మీదే మార్క్ టూ వచ్చింది. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఉంది. బాగుచేసే చేతుల నుంచి పుట్టింది కాబట్టే అది నిలిచింది.

ఇక మా గూడెం సంగతి. వాడికి గుర్తుండదనుకున్నాను, గుర్తుంది.

పదేళ్ల కింద పట్నం కాలేజీ పిల్లలు మా ఊరు వచ్చారు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. పది రోజులున్నారు. మాతోపాటే తిన్నారు, మా పిల్లలకు పాటలు నేర్పారు, వాళ్లూ రెండు కోయ మాటలు నేర్చుకున్నారు. గుట్ట పక్క ఊట నుంచి పైపు వేసి, గూడెం మధ్యలో సిమెంటు తొట్టి కట్టి నాలుగు కుళాయిలు పెట్టారు. కట్టేది ఎక్కడో వాళ్లే నిర్ణయించారు. ఆ చోటు వద్దని పూజారి అన్నాడు. వానకాలం అక్కడ నేల కుంగుతుందని ఆయనకు తెలుసు. ఆయన చెప్పింది నమ్మకం అనుకున్నారు వాళ్లు. అది మట్టి గురించి చెప్పిన మాట. మావాడు ఇప్పుడు పుస్తకంలో చదువుతున్న పాఠం అదే.

రెండో వానాకాలానికి తొట్టి ఒక పక్కకు ఒరిగింది. అంతకు ముందే వాల్వు చెడిపోయింది. ఆ సైజు వాల్వు భద్రాచలంలో దొరకలేదు. కాలేజీకి ఫోను చేస్తే ఆ పిల్లలు అప్పటికే చదువు ముగించుకుని వెళ్లిపోయారు. మళ్లీ చెలమ తవ్వుకుని తోడుకోవడం మొదలుపెట్టాం. తొట్టిలో కట్టెలు పెట్టుకుంటున్నారు. తడవకుండా ఉంటాయి, ఆ మేలు ఒప్పుకోవాలి.

వాళ్ల నివేదిక మాత్రం ఎండిపోలేదు. రంగుల అట్టతో అచ్చయింది. అందులో ఒక పూర్తి పేజీ ఫోటో: కుళాయి కింద దోసిలి పట్టి నవ్వుతున్న పిల్లవాడు. ఆ పిల్లవాడు వీడే. కింద ఇన్ని కుటుంబాలకు శుద్ధ జలం అని ఉంది. వీడి పేరు లేదు. పూజారి మాట లేదు. తొట్టి ఒరిగిందన్న మాట ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే నివేదిక ప్రారంభోత్సవం నాటికే ముగిసిపోయింది.

మన పిల్లలు ఇప్పుడు ఆ ఫోటోలో రెండో వైపుకు వెళ్తున్నారు, కెమెరా పట్టుకునే వైపుకు. అందుకే నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మర్నాడు అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు నడిచాం. పబ్లిక్ గార్డెన్స్‌లో కూర్చున్నప్పుడు వాడికి నుమాయిష్ కథ చెప్పాను. జనవరి వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ అంతా దుప్పట్లు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీల్. ఆ ఎగ్జిబిషన్ 1938లో మొదలైంది ఈ తోటలోనే. మొదలుపెట్టింది ఉస్మానియాలో చదువు ముగించిన కుర్రవాళ్లు. రాష్ట్రంలో జనం బతుకు ఎలా ఉందో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు, దానికి డబ్బు కావాలి, అందుకని నుమాయిష్ పెట్టారు. చదువుకున్న పట్నపు కుర్రవాళ్లు ఊళ్ల వైపు చూడాలనుకోవడం మనకు కొత్త కాదు. ఇప్పుడు ఆ గ్రౌండ్‌లో తిరిగేవాళ్లలో ఎంతమందికి ఆ సర్వే సంగతి తెలుసో గానీ, జెయింట్ వీల్ మాత్రం నిలిచింది.

అవే రోజుల్లో ఉత్తరాన ఆదిలాబాద్ అడవిలో ఇంకోటి జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను చంపాక గోండుల బాధ ఏమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి తోచింది. అప్పుడు పంపినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. ఆస్ట్రియా వాడు. యుద్ధం మూలంగా శత్రుదేశపు మనిషి కింద లెక్క, హైదరాబాదు సంస్థానం దాటి పోవడానికి వీల్లేదు. ఆయన మార్లవాయిలో భార్య బెట్టీతో గుడిసె వేసుకుని ఉన్నాడు. వంతెన కట్టలేదు, తొట్టి కట్టలేదు. ఆయన సలహా మీద జరిగినవాటిలో మిగిలినవి రెండు: భూమి పట్టాలు, 1943లో మార్లవాయిలో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం. గోండు కుర్రవాళ్లే పంతుళ్లయ్యారు. గోండిలో వాచకాలు వచ్చాయి. ఆయన మీద నాకు విమర్శ లేదని కాదు. భీం పోరాటం చేయకపోతే ఆయన్ను పంపేవాళ్లే కాదు, ఆ సంగతి ఆయన పొగడ్తల్లో కొట్టుకుపోతుంది. కానీ బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 2012లో ఆయన అస్థికలు కూడా తెచ్చి పక్కనే పెట్టారు. ఇప్పటికీ జనవరిలో ఊరు వాళ్లిద్దరినీ తలుచుకుంటుంది. రెండు వారాల వాలంటీరును ఏ ఊరూ అలా తలుచుకోదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఏజెన్సీ బడుల్లో మనవాళ్లే పంతుళ్లుగా ఉండాలని ఇచ్చిన 2000 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊళ్లో ఉండే మనిషి, ఊరి మాట తెలిసిన మనిషి అక్కర్లేదనే తీర్పు ఒక పక్క. ఊరికి సాయం చేయడానికి దూరం నుంచి రెండు వారాలు వస్తామనే ఉత్సాహం ఇంకో పక్క. ఈ రెండూ ఒకే కాలంలో ఎందుకు పెరుగుతున్నాయో తరగతి గదిలో చర్చ పెట్టండి. 'స్వదేస్' చూపించండి, చూపించవద్దని నేను అనడం లేదు. దాని తర్వాత బిల్గావ్ కథ చెప్పండి. ఆ ఏడాదే, 2020లోనే, సాలూరు మండలం కొదమ పంచాయతీలో ఆదివాసులు తమలో తాము చందాలు వేసుకుని కొండ మీద రోడ్డు వేసుకున్నారు. ఇంజనీరు లేడు, వాలంటీరు లేడు. పేపర్లలో రెండు రోజులు వచ్చింది. సినిమా రాలేదు.

పార్కులో వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"మామా, వెళ్తే తప్పా?"

"తప్పు కాదు. నువ్వు వెళ్తే వాళ్లకంటే ఒక సంగతి ఎక్కువ తెలిసి వెళ్తావు. ఆ కుళాయి కింద దోసిలి పట్టినవాడివి నువ్వు."

"మరి మన తొట్టి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒరిగిన తొట్టిని లేపడానికి విమానం టికెట్టు అక్కర్లేదు. కానీ ఆ పనికి సర్టిఫికెట్టు రాదు, విదేశంలో చదువుకు దరఖాస్తు పెట్టినప్పుడు అక్కరకు రాదు. మూడో ఏడు చదివే కుర్రవాడికి ఆ సర్టిఫికెట్టు విలువ నాకు తెలియనిది కాదు. మా అక్క పోడు చేలో వంగి సంపాదించిన డబ్బుతో చదువుతున్నాడు. త్యాగం చెయ్యమని చెప్పే హక్కు జీతం తీసుకునే నాకు లేదు.

నాలుగు రోజుల తర్వాత ఫోను చేశాడు. క్లబ్బు వాళ్లకు ఒక కాగితం రాసి ఇచ్చాడట. ఆ ఊరివాళ్లు ఈ పథకం అడిగారా, మనమే అనుకున్నామా? చోటు ఎవరు చూపించారు? మనం వచ్చేశాక పైపు పగిలితే పానా పట్టేది ఎవరు, ఆ పానా ఎవరి ఇంట్లో ఉంటుంది, విడిభాగాలు ఎన్ని మైళ్ల దూరంలో దొరుకుతాయి? నివేదికను మరుసటి వానాకాలం అయ్యాక, ఆ ఊరివాళ్లతోనే రాయిస్తే కుదురుతుందా?

"ఏమన్నారు?"

"మంచి ప్రశ్నలే అన్నారు మామా. సారును అడిగి చెప్తామన్నారు."

ఇంకా చెప్పలేదు. వాడు మాత్రం వచ్చే ఆదివారం మళ్లీ అబిడ్స్ పోతున్నాడు. గ్రావిటీ పైపులైన్ల మీద పాత పుస్తకం ఏదైనా దొరుకుతుందేమో చూడాలట. పూజారిని అడిగి తొట్టికి చోటు ఎక్కడ బాగుంటుందో కనుక్కోమని నాకు పని అప్పజెప్పాడు.